మొటిమలకి పార్లరా, ఇంట్లో ట్యూబా?

అందరికీ నమస్కారం. నేను చర్మ వైద్యురాలిని. మీ హాస్టల్ వార్డెన్ గారు ముందే చీటీలు రాయించి పంపారు. సగానికి పైగా చీటీల్లో ఉన్నది ఒకటే ప్రశ్న: మొటిమలకి ఫేషియల్ చేయించుకుంటే మంచిదా, ఇంట్లోనే ఏదైనా రాసుకుంటే సరిపోతుందా అని. ఒకమ్మాయి అయితే "మా అక్క పెళ్లి శ్రావణంలో, అప్పటికి తగ్గాలి మేడమ్" అని ముహూర్తం కూడా పెట్టేసింది. ఆ సంగతికి తర్వాత వస్తాను.

మొటిమ ఎలా పుడుతుందో తెలిస్తే సగం జవాబు దొరికినట్టే. ప్రతి వెంట్రుక కుదురు పక్కనా ఒక నూనె గ్రంథి ఉంటుంది. ఈడొచ్చాక ఆండ్రోజెన్ హార్మోన్ల వల్ల అది ఎక్కువ పనిచేస్తుంది. అదే సమయంలో ఆ కుదురు లోపల రాలిన కణాలు బయటికి పోకుండా ఒకదానికొకటి అంటుకుని సీసాకి బిరడా పెట్టినట్టు అడ్డం పడతాయి. వెనకాల నూనె పేరుకుంటుంది, అందులో క్యూటీబ్యాక్టీరియం ఆక్నెస్ అనే బ్యాక్టీరియా పెరుగుతుంది, తర్వాత వాపు, ఎరుపు, చీము. ఇదంతా పైకి కనబడటానికి కొన్ని వారాల ముందే లోపల మొదలై ఉంటుంది. అంటే ఈ రోజు అద్దంలో మీకు కనిపించి ఏడిపిస్తున్న మొటిమ నిన్న తిన్న పునుగుల వల్ల వచ్చింది కాదు.

ఇప్పుడు పార్లర్ సంగతి. మన విజయవాడలో బెంజ్ సర్కిల్ దగ్గరైనా గవర్నర్‌పేటలో అయినా వరస దాదాపు ఒకటే: క్లెన్సింగ్, స్క్రబ్, క్రీముతో మసాజ్, ఆవిరి, బ్లాక్‌హెడ్స్ తీయడం, చివర ప్యాక్. వీటిలో మొటిమలకి కాస్తైనా పనికొచ్చేది బ్లాక్‌హెడ్స్, వైట్‌హెడ్స్ తీయడం ఒక్కటే, అది కూడా శుభ్రం చేసిన పనిముట్టుతో, చెయ్యి తిరిగిన మనిషి చేస్తేనే. ఎర్రగా వాచి, ముట్టుకుంటే నొప్పెట్టే వాటిని మాత్రం ఎవరూ నొక్కకూడదు. నొక్కితే ఆ చీము బయటికొచ్చినంతే లోపలికీ చిమ్ముతుంది, కుదురు గోడ పగులుతుంది, తర్వాత మిగిలేది గుంట. మచ్చ నెలల్లో పోతుంది కానీ గుంట తనంతట తాను పోదు.

ఆవిరి పడితే రంధ్రాలు తెరుచుకుంటాయని చెబుతారు. వాటికి కండరాలే లేవు, తెరుచుకోవడం మూసుకోవడం ఏమీ ఉండదు, గడ్డకట్టిన నూనె కాస్త మెత్తబడుతుంది అంతే. పైగా వాపు ఉన్న ముఖానికి వేడి తగిలితే ఎరుపు పెరుగుతుంది, మనలాంటి చామనఛాయ చర్మంలో ఆ ఎరుపు నల్ల మచ్చై కూర్చుంటుంది. మే నెలలో 45 డిగ్రీలు దాటే ఊళ్లో ఉంటూ డబ్బులిచ్చి మరీ ముఖానికి ఆవిరి పట్టించుకోవడం చూస్తే నాకైతే నవ్వొస్తుంది. బ్లాక్‌హెడ్ నలుపు మట్టి కాదు, మెలనిన్ అనే చర్మపు రంగు పదార్థం, గాలి తగిలి రంగు మారిన నూనె. ఎంత రుద్దినా పోదు.

మరి ఫేషియల్ అయిన సాయంత్రం ముఖం మెరుస్తుంది కదా అంటారు. మెరుస్తుంది. పైనున్న మృతకణాలు పోయాయి, మసాజ్‌కి రక్తం బాగా పారింది, క్రీము తడి ఉంది. ఆ మెరుపు కోసమే వెళ్తే, ముఖం మీద వాచిన మొటిమల్లేకపోతే, హాయిగా వెళ్లండి, నాకేం అభ్యంతరం లేదు. మొటిమల వైద్యం అనుకుని వెళ్లొద్దు. అమెరికాలోని చర్మ వైద్యుల సంస్థ, అమెరికన్ అకాడమీ ఆఫ్ డెర్మటాలజీ, 2024లో మార్గదర్శకాలు ఇచ్చింది. బ్యాక్టీరియాని చంపే బెంజాయిల్ పెరాక్సైడ్‌నీ, విటమిన్ ఎ జాతి మందులైన రెటినాయిడ్ పూతల్నీ గట్టిగా సిఫారసు చేసింది. బ్లాక్‌హెడ్స్ తీయడం, పీల్స్ (యాసిడ్ పూసి చర్మం పై పొర ఊడేలా చేయడం), లేజర్ల విషయంలో సిఫారసు చేసేంత ఆధారాలు లేవంది. క్లినిక్‌లో మేమూ సాలిసిలిక్ యాసిడ్ పీల్ చేస్తాం, అది 20 నుంచి 30 శాతం ఉంటుంది, మీ ఫేస్‌వాష్‌లో ఉండేది మహా అయితే 2 శాతం. అది మందుకి తోడుగానే, మందు బదులు కాదు.

అంటే అసలు పని జరిగేది మీ హాస్టల్ గదిలోనే. రోజుకి రెండుసార్లు మామూలు ఫేస్‌వాష్. బెంజాయిల్ పెరాక్సైడ్ 2.5 శాతం చాలు, 10 శాతం కొంటే ఎక్కువ తగ్గదు, ఎక్కువ మండుతుంది. ఒక హెచ్చరిక, అది బట్టల రంగు తినేస్తుంది, కాబట్టి తెల్ల తువ్వాలు, తెల్ల దిండు గలీబు వాడండి. రాత్రికి అడాపలీన్ (ఇదీ రెటినాయిడే) 0.1 శాతం జెల్, బఠాణీ గింజంత, ముఖమంతా పలచగా. మొటిమ మీదే చుక్క పెట్టడం కాదు, ఎందుకంటే రేపటి మొటిమ ఇప్పుడు మీకు కనబడని చోట తయారవుతోంది. మొదటి వారాల్లో పొట్టు లేస్తుంది, కొందరికి మొటిమలు పెరిగినట్టు కూడా అనిపిస్తుంది, చాలామంది సరిగ్గా అక్కడే భయపడి మానేసి పార్లర్‌కి పరిగెడతారు. 8 నుంచి 12 వారాలు ఆగాలి. ఇది వాడేటప్పుడు ముఖానికి వ్యాక్సింగ్ వద్దు, చర్మం లేచి వచ్చేస్తుంది. గర్భం వచ్చినా, గర్భం కోసం చూస్తున్నా రెటినాయిడ్‌లు వాడకూడదు. పగలు సన్‌స్క్రీన్ తప్పనిసరి, లేకపోతే మచ్చలు పోవు.

అలాగని ఇంట్లో చేసేదంతా సేఫ్ అనుకోకండి. నా దగ్గరికి వచ్చే పాడైన ముఖాల్లో పార్లర్ వాటా కంటే ఫ్రెండ్ ఇచ్చిన ట్యూబ్ వాటా ఎక్కువ. నిమ్మరసం, టూత్‌పేస్ట్ కాలుస్తాయి, సున్నిపిండితో గట్టిగా రుద్దితే వాపు పెరుగుతుంది. అన్నిటికంటే ప్రమాదం తెల్లబడటానికని మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే క్రీములు: బెటామెథసోన్, క్లోబెటసాల్, మొమెటసోన్ అని ట్యూబ్ మీద చిన్న అక్షరాల్లో ఉంటుంది. ఇవి స్టెరాయిడ్లు. వారంలో ముఖం తళతళలాడుతుంది, నెలల్లో చర్మం పలచబడి, ఎర్రటి సన్నని రక్తనాళాలు కనిపించి, మానేసిన వెంటనే గుత్తులుగా పొక్కులు వస్తాయి. 2018లో కేంద్రం వీటిని ప్రిస్క్రిప్షన్ లేకుండా అమ్మకూడదని తేల్చి చెప్పింది, అయినా దొరుకుతూనే ఉన్నాయి. ఇప్పుడే వాడుతున్నవాళ్లు ఒక్కసారిగా మానకండి, డాక్టర్ని కలిసి మానండి.

కారం గురించి కూడా రాశారు. గుంటూరు మిర్చి పక్కన పుట్టి కారం మానమంటే ఎలా? దాని వల్ల మొటిమలు వస్తాయనడానికి గట్టి ఆధారం లేదు. తీపి డ్రింకులు, మైదా, స్వీట్లు బాగా తగ్గిస్తే కొందరికి మేలు కనబడుతుంది. తలకి నూనె పట్టించి నుదుటి మీదికి కారనిస్తే మాత్రం అక్కడ గింజల్లాంటివి వస్తాయి. అవి దురద పెడుతూ, అన్నీ ఒకే సైజులో ఉంటే ఫంగస్ కూడా కావచ్చు, దానికి మందు వేరు.

ఇక అక్క పెళ్లి. శ్రావణానికి ఇంకా మూడు నెలలుంటే ఇవాళే జెల్ మొదలుపెట్టు తల్లీ. వారమే ఉంటే కొత్తవేవీ ముట్టుకోకు, ఫేషియల్ కూడా వద్దు, పెళ్లి ముందురోజు కొత్త క్రీముకి ముఖం వాచి క్లినిక్‌కి వచ్చేవాళ్లని ప్రతి సీజన్‌లో చూస్తాను. గడ్డం, దవడ దగ్గరే మొటిమలు వస్తూ, నెలసరి తప్పుతూ, గడ్డం మీద వెంట్రుకలు వస్తుంటే పీసీఓఎస్ (అండాశయాల, హార్మోన్ల తేడా) పరీక్ష చేయించుకోవాలి. లోతుగా గడ్డలు కట్టి, గుంటలు పడుతుంటే ఆలస్యం చేయకండి. డబ్బుల టెన్షన్ ఉంటే విజయవాడ ప్రభుత్వ ఆసుపత్రిలో, గుంటూరు ప్రభుత్వ పెద్దాసుపత్రి జీజీహెచ్‌లో చర్మ వ్యాధుల విభాగాలున్నాయి, పొద్దున్నే ఓపీ చీటీ తీసుకుంటే చాలు. వాడుతున్న ట్యూబులు ఎవరైనా వెంట తెచ్చి ఉంటే పట్టుకుని ముందుకి రండి, పేర్లు చదివి చెబుతాను.