ఎండాకాలంలో మిద్దె మీద ఆకుకూరలు

అందరికీ నమస్కారం.

మార్చి దాటితే చాలు, ఎవరు కలిసినా నన్ను ఒకటే అడుగుతారు: పాలకూర ఎందుకు నిలవట్లేదు, కొత్తిమీర అప్పుడే ఎందుకు పూతకొచ్చిందని. అవి చలికాలం పంటలండీ. ఎండ ముదిరి, పగటి పొద్దు పెరిగితే గింజ కట్టే తొందరలో పడతాయి. ఎన్ని నీళ్లు పోసినా ఆగవు. పుంటికూర, అదే గోంగూర, లెక్క వేరు. పగలు పొడుగ్గా ఉన్నన్నాళ్లూ ఆకే వేస్తుంది, పొద్దు తగ్గాకే పూతకొస్తుంది. మన హైదరాబాద్‌లో ఎండ 40 డిగ్రీలు దాటే మే నెలకు పుంటికూర, తోటకూర, బచ్చలి, గంగవాయిలి వేసుకోండి.

గంగవాయిలి గురించి కాస్త ఎక్కువ చెప్తాను, నాకు అదంటే అంత ఇష్టం. కలుపు అనుకొని చాలామంది పీకి పారేస్తారు, చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది. నీళ్లు అందని రోజుల్లో అది పగలు ఆకు రంధ్రాలు మూసేసుకుంటుంది. రాత్రి చల్లబడ్డాక తెరిచి, పీల్చుకున్న బొగ్గుపులుసు వాయువును మాలిక్ ఆమ్లంగా ఆకులో దాచుకుంటుంది. తెల్లారాక ఎండలో దాన్ని వాడుకుంటుంది. నీళ్లు తగ్గించిన కుండీలోంచి పొద్దున ఆరింటికి ఒక ఆకు, సాయంత్రం ఒక ఆకు తెంపి నమిలి చూడండి. పొద్దుటిదే పుల్లగా ఉంటుంది. పప్పుకైతే పొద్దున్నే కోయండి, చింతపండు తక్కువ పడుతుంది. కిడ్నీలో రాళ్లున్నవాళ్లు మాత్రం డాక్టర్‌ను అడిగి తినండి, ఇందులో ఆక్సలేట్లు ఎక్కువ.

ఇక టబ్బుల సంగతి. రెండేళ్ల కింద నల్ల టబ్బుల్లో తోటకూర వేసి పడమటి పిట్టగోడ పక్కన పెట్టాను. సాయంత్రం నాలుగింటికి మట్టిలోకి వేలు దించితే చురుక్కుమంది. మట్టి తడిగానే ఉంది, మొక్కలు మాత్రం తలలు వేలాడేశాయి. లోపల వేళ్లు ఉడికిపోయాయి. అప్పటినుంచి టబ్బుల కింద ఇటుకలు పెట్టి స్లాబుకు తగలకుండా లేపుతున్నాను, చుట్టూ తెల్ల గోనె కడుతున్నాను, మట్టి మీద రెండంగుళాల మందాన ఎండుటాకులు పరుస్తున్నాను. పడమటి వైపు 50 శాతం ఎండను ఆపే షేడ్‌నెట్ ఉంది. పైనంతా కప్పితే తోటకూర సన్నగా సాగిపోతుంది, దానికి ఎండ కావాలి.

నీళ్లు తెల్లవారుజామునే పోయండి. సాయంత్రం పోయాల్సి వస్తే, మిద్దె మీద ఎండకు పడి ఉన్న పైపులోంచి మొదట వచ్చే నీళ్లు సలసలా కాగి ఉంటాయి, వాటిని బకెట్‌లోకి పట్టి పక్కన పెట్టండి.

తోటకూర గింజల పొట్లాలు ఆ బల్ల మీద ఉన్నాయి, ఇంటికొకటి తీసుకెళ్లండి. గింజ చాలా సన్నం, గుప్పెడు పొడి ఇసుకలో కలిపి చల్లండి.