తాడుకి అవతలి కొస

శ్రోతలందరికీ నమస్కారం.

నా చిన్నప్పుడు వేసవి సెలవులకి కొవ్వూరులో మా అమ్మమ్మగారింటికి వెళ్లేవాళ్లం. పొద్దున్నే గట్టు మీద కూర్చుంటే ఇసుక నావలు కనపడేవి. నడి గోదాట్లో నావ ఆపి, పొడవాటి వెదురు గెడ నీళ్లలోకి దించి, దాన్ని పట్టుకుని ఒకాయన మునిగేవాడు. చేతిలో బకెట్టు, బకెట్టుకి తాడు. అడుగున ఇసుక నింపి తాడు కదిపితే నావ మీదున్న రెండో మనిషి లాగేవాడు. రోజంతా అదే పని. వాళ్లలో ఒకాయన్ని నేను బాబాయ్ అని పిలిచేదాన్ని. ఒకరోజు అడిగాను: "బాబాయ్, ఆయన తాడు పట్టుకుని ఊరికే నిలబడే బదులు ఇద్దరూ మునగొచ్చు కదా, నావ తొందరగా నిండుతుంది?" ఆయన తువ్వాలుతో తల తుడుచుకుంటూ అన్నాడు: "ములిగినోడికి ఎంతసేపైందో తెలీదమ్మా. పైనున్నోడే లెక్కెట్టాలి."

ఆ మాట నాకు చాలా ఏళ్ల తర్వాత, సముద్రంలో 30 మీటర్ల లోతున అర్థమైంది. ఎలాగో చెబుతాను.

ఇప్పుడు మన కోనసీమ పిల్లలు, భీమవరం, కాకినాడ పిల్లలు సెలవు దొరికితే విశాఖలో రుషికొండకి వెళ్లి స్కూబా డైవింగ్ చేస్తున్నారు, అంటే వీపున గాలి సిలిండరు కట్టుకుని సముద్రంలో మునుగుతున్నారు. కాస్త డబ్బు కూడితే అండమాన్ వెళ్తున్నారు. వెళ్లొచ్చినవాళ్లు నన్ను అడిగే ప్రశ్న ఒకటుంది. "ఎప్పుడూ పక్కన ఒక మనిషి ఉండాల్సిందేనా అక్కా? మాకు ఈత బాగా వచ్చు కదా, ఒక్కళ్లమే దిగితే ఏమవుతుంది?" గోదారి ఒడ్డున పెరిగినవాళ్లకి ఆ ధైర్యం సహజం. నాకూ ఉండేది.

ఒకప్పుడు సముద్రం అడుక్కి దిగేవాళ్లకి గాలి పై నుంచే వచ్చేది. పడవ మీద పంపు, దాన్నుంచి గొట్టం, గొట్టం చివర మనిషి. 1943లో ఫ్రాన్సులో జాక్ కుస్తో అనే నౌకాదళ అధికారి, ఎమిల్ గన్యాన్ అనే ఇంజనీరు కలిసి, లోపల పీల్చినప్పుడల్లా సిలిండర్లోంచి అవసరమైనంత గాలి అందించే సాధనం తయారు చేశారు. దాంతో మనిషికీ పడవకీ మధ్య ఉన్న గొట్టం తెగిపోయింది. చేపలా తిరిగే స్వేచ్ఛ వచ్చింది. పైన లెక్కపెట్టే మనిషి కూడా ఆ గొట్టంతోనే పోయాడు. ఆయన స్థానంలోకి వచ్చినవాడే ఈ పక్కనుండే తోడు. డైవర్లు బడ్డీ అంటారు. నాకు మాత్రం తోడు అన్న మాటే ఇష్టం.

ముందు ఈత సంగతి. కాలవల్లో మనం నేర్చుకునే మొదటి విద్య ఊపిరి బిగబట్టి మునగడం. స్కూబాలో ప్రాణం తీసేది అదే. 10 మీటర్ల లోతుకి వెళ్తే నీటి పైనున్న దానికి రెట్టింపు ఒత్తిడి ఉంటుంది. అక్కడ సిలిండర్ గాలితో ఊపిరితిత్తుల నిండా 5 లీటర్లు పీల్చి, బిగబట్టి పైకొస్తే, పైకొచ్చేసరికి ఆ గాలి 10 లీటర్లవ్వాలని చూస్తుంది. ఛాతీలో అంత చోటెక్కడిది? ఊపిరితిత్తి చిరిగి, గాలి బుడగలు రక్తంలో కలిసి మెదడుకి చేరతాయి. అందుకే శిక్షణలో మొదటి పాఠం: ఎప్పుడూ ఊపిరి ఆపకూడదు. భయం వేస్తే నా ఒళ్లు ఊపిరి బిగబట్టేసేది. చిన్నప్పట్నుంచీ గోదావరి నేర్పింది మరి. ఆ అలవాటు వదిలించుకోవడానికి నాకు చాలా రోజులు పట్టింది. మొదట్లో ప్రతి డైవులోనూ పక్కనున్న మనిషి నా ముందుకొచ్చి, నా బుడగలు ఆగినప్పుడల్లా తన నోటి దగ్గర చెయ్యి ఆడించి గుర్తు చేసేది.

ఇక గాలి లెక్క. 12 లీటర్ల సిలిండర్లో 200 బార్ల ఒత్తిడితో గాలి నింపితే 2400 లీటర్లు. నింపాదిగా పీల్చే మనిషి నిమిషానికి 20 లీటర్లు వాడతాడనుకుందాం. ఒడ్డున కూర్చుని పీలిస్తే రెండు గంటలొస్తుంది. 30 మీటర్ల లోతున ఒత్తిడి నాలుగు రెట్లు, ఖర్చూ నాలుగు రెట్లు. రెండు గంటల గాలి అరగంటలో అయిపోతుంది. అందులోనే పైకి రావడానికి, నడుమ ఆగడానికి కొంత మిగుల్చుకోవాలి. మామూలుగా నిమిషానికి 9 మీటర్లకు మించకుండా పైకి రావాలి. పైకొచ్చేముందు 5 మీటర్ల దగ్గర మూడు నిమిషాలు ఆగి, ఒంట్లో కరిగిన నత్రజనిని మెల్లగా వదిలించుకోవాలి. అటువంటి లోతులో గాలి ఆగిపోతే? ప్రతి డైవరుకీ తన నోట్లో ఉన్నది కాక, పసుపురంగు గొట్టానికి ఇంకో నోటిముక్క వేలాడుతూ ఉంటుంది. అది తన కోసం పెట్టుకున్నది కాదు, పక్కవాడికి ఇవ్వడానికి. పక్కవాడు రెండు మీటర్ల దూరంలో ఉంటే అది అందుతుంది. పదిహేను మీటర్ల అవతల ఫొటోలు తీసుకుంటూ ఉంటే అందదు.

ఇప్పుడు నా సంగతి. అండమాన్లో స్వరాజ్ ద్వీప్ దగ్గర, అంటే మనం హేవ్‌లాక్ అని పిలిచిన దీవి దగ్గర, ఇద్దరం 30 మీటర్లకి దిగాం. సిలిండర్లో గాలెంత ఉందో చూపే మీటరు ముల్లు 100 బార్లకి రాగానే వెనక్కి తిరగాలని పడవ మీదే అనుకున్నాం. అడుగున రాతికి విసనకర్రలా విచ్చుకున్న ఎర్రటి పగడం ఉంది. దాన్నే చూస్తున్నాను. ఎంతసేపు చూశానో తెలీదు. మనసు చాలా హాయిగా ఉంది. మీటరు చూశాను. 80. అంకె స్పష్టంగా కనపడింది. 100 కంటే 80 తక్కువ అన్నది మాత్రం తట్టలేదు. తోడొచ్చినావిడ అరచేతి మీద రెండు వేళ్లతో తట్టి, గాలెంత ఉందని సైగ చేసింది. నేను అంకె చూపించకుండా, బొటనవేలూ చూపుడువేలూ సున్నాలా కలిపి, బాగానే ఉన్నానన్నాను. ఆవిడ నమ్మలేదు. నేను తొడుక్కున్న, గాలి నింపుకుని తేలే జాకెట్టు పట్టీ పట్టుకుని, బొటనవేలు పైకి చూపించి, ఒక ఏడెనిమిది మీటర్లు పైకి తీసుకొచ్చింది. అక్కడికి రాగానే ఎవరో దీపం వెలిగించినట్టు తల తేటపడింది. అప్పుడు గుండె జారింది.

దాన్ని నత్రజని మత్తు అంటారు. మనం పీల్చే గాలిలో నాలుగింట మూడొంతుల పైన నత్రజనే. సుమారు 30 మీటర్లు దాటేసరికి అది కల్లులా తలకెక్కడం మొదలుపెడుతుంది. కొందరికి ముందే. కాస్త పైకొస్తే దిగిపోతుంది. కానీ పైకి రావాలన్న తెలివినే అది ముందు మింగేస్తుంది. ఆ రోజు నా దగ్గర గాలుంది, సామాను సరిగ్గా ఉంది. లేనిదల్లా నా మతి. లేదని నాకు తెలియదు. ఆవిడకి తెలిసింది. ములిగినోడికి తెలీదన్న బాబాయి మాట నాకు గుర్తొచ్చింది పడవెక్కి కూర్చున్నాకే.

అయితే పక్కన ఎవరో ఒకరుంటే చాలదు. బస్సులో పక్క సీట్లో కూర్చున్నవాడు మనకి తోడొచ్చినట్టు కాదు కదా. పడవ మీద పేరు పేరు కలిపి ఇద్దర్ని జతచేస్తారు. వాళ్లు నీళ్లలో దిగి చెరో దారీ పడతారు. ఇద్దరూ తోడుందనుకునే ధైర్యంతో సొంత జాగ్రత్త కూడా మానేస్తారు. ఒక్కడే దిగినవాడికి కనీసం తాను ఒక్కడినని తెలుసు. నా మట్టుకు నాకు ఇదే అన్నిటికన్నా ప్రమాదం అనిపిస్తుంది.

నిజమైన తోడు ఒడ్డునే మొదలవుతుంది. ఒకరి సామాను ఒకరు తడిమి చూడాలి. జాకెట్టులోకి గాలి ఎక్కుతోందా, సీసం బరువుల బెల్టు ఒక్క లాగుతో ఊడుతుందా, గాలి వాల్వు పూర్తిగా తెరిచారా. మీటరు ముల్లు చూస్తూ మూడు నాలుగు సార్లు గట్టిగా పీల్చండి. ముల్లు కిందికి పడి లేస్తుంటే వాల్వు సరిగ్గా తెరుచుకోలేదన్నమాట. ఇలా చూసుకోకపోతే పైన అది తెలియదు, లోతున గాలి చాలదు. ఆ వాల్వు మన తల వెనకాల ఉంటుంది. మన కంటికి ఆనదు. సముద్రంలో తెగి తిరిగే నైలాను వలలు చిక్కుకునేదీ అక్కడే. పక్కవాడికి ఒక్క నిమిషం పని, మనకి పెద్ద గండం. తోడు కనపడకపోతే ఒక్క నిమిషం చుట్టూ, పైనా కిందా, బుడగల కోసం వెతకాలి. దొరక్కపోతే నెమ్మదిగా పైకొచ్చి అక్కడ కలుసుకోవాలి. డబ్బులు కట్టాం కదా, డైవు పాడైపోతుందని చాలామంది పైకి రారు. దయచేసి రండి.

ఒంటరిగా దిగేవాళ్లని నేను తప్పు పట్టను. ఒక్క చిన్న చేప బొరియలోంచి తల బయటపెట్టే దాకా కదలకుండా కాచుకునే ఫొటోగ్రాఫర్లు ఉంటారు. కొత్తవాడు తోడొస్తే వాడి గాలి ముందే అయిపోతుంది. వాడు బెదిరితే మన నోట్లోది లాక్కుంటాడు. మునిగిపోయేవాడు కాపాడబోయినవాడి మెడ పట్టుకోవడం మన రేవుల్లో చూసిందేగా. చాలాకాలం శిక్షణ సంస్థలు ఒంటరి డైవింగును ఒప్పుకోలేదు. తర్వాత ఎస్‌డీఐ, పాడీ వంటివి దానికి విడిగా శిక్షణ పెట్టాయి. అందులో చేరాలంటేనే 100 డైవులు చేసి ఉండాలి. అక్కడ నేర్పేది పక్కవాడు తెచ్చేదంతా మనమే మోసుకెళ్లడం. పూర్తిగా వేరే గొట్టంతో వేరే చిన్న సిలిండర్, ఇంకో మాస్కు, ఇంకో కత్తి, లోతు చూపే ఇంకో కంప్యూటరు. వాళ్ల క్రమశిక్షణ చూస్తే నాకు గౌరవం. కానీ రెండో బుర్రని ఏ సంచిలోనూ పెట్టుకెళ్లలేం. అందుకే నేను ఒంటరిగా దిగను. దిగితీరతామనేవాళ్లని లోతుకి మాత్రం వెళ్లొద్దని బతిమాలతాను.

మన డెల్టా నీళ్లలో ఇదంతా ఇంకో రకంగా ఉంటుంది. అంతర్వేది మొగ దగ్గర, భైరవపాలెం వైపు నది తెచ్చిన ఒండ్రుతో సముద్రమే మట్టిరంగు. వరదకి ఎర్రనీళ్లు వచ్చాయంటే చాచిన మన చెయ్యి మనకే కనపడదు. అక్కడ పక్కపక్కన ఇద్దరు దిగినా ఒకరికొకరు లేనట్టే. అందుకే అలాంటి చోట వెతకడానికి దిగే డైవర్లు తాడు కట్టుకుంటారు. ఒకరు దిగుతారు. ఒకరు పైన తాడు పట్టుకుని, లోపలి నుంచి వచ్చే లాగుళ్లని లెక్కపెడుతుంటారు. ఇంకొకరు సామానంతా తొడుక్కుని, అవసరమైతే దూకడానికి సిద్ధంగా కూర్చుంటారు. చూసేవాళ్లకి ఒక్కడే దిగినట్టుంటుంది గానీ అది ముగ్గురి పని. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర గోదాట్లో రాయల్ వశిష్ట అనే పర్యాటకుల బోటు మునిగింది. ఆ కుటుంబాల దుఃఖం ఇప్పటికీ తీరేది కాదు. కాకినాడ నుంచి వచ్చిన ధర్మాడి సత్యం గారి బృందం అక్టోబరు 22న దాన్ని బయటికి తీసింది. అందుకోసం విశాఖ డైవర్లు ఆ సుడుల్లోకి దిగి తాళ్లు కట్టారు. వాళ్లని తలుచుకుంటే నాకు ఇసుక నావలే గుర్తొస్తాయి.

సిలిండరు ఎప్పుడూ ముట్టని తల్లిదండ్రులకి ఒక్క మాట చెప్పాలి. వేసవిలో కాలవల్లో, చెరువుల్లో పిల్లలు మునక పందేలు వేస్తారు. ఎక్కువసేపు ఉండాలని మునిగేముందు గబగబా పది ఇరవై ఊపిర్లు తీస్తారు. దానివల్ల ప్రాణవాయువు పెద్దగా పెరగదు. ఒంట్లోని బొగ్గుపులుసు వాయువు మాత్రం తగ్గిపోతుంది. ఊపిరి తీసుకో అని మనల్ని తొందరపెట్టేది ఆ వాయువే. అది తగ్గితే తొందర పుట్టదు. లోపల ప్రాణవాయువు అడుగంటినా పిల్లాడికి ఏ ఇబ్బందీ అనిపించదు. కేకా ఉండదు, చేతులు కొట్టుకోవడమూ ఉండదు. అలా నిద్రపోయినట్టు స్పృహ తప్పుతుంది. ఈత ఎంత బాగా వచ్చినా ఇది ఆగదు. ఆ గబగబా ఊపిర్లు మాన్పించండి. ఇద్దరూ ఒకేసారి మునగనివ్వకండి.

పోయిన వేసవిలో మా ఊరి కాలవ మెట్ల దగ్గర మా అన్నయ్య కూతురు, పక్కింటి పిల్ల ఇద్దరూ ముక్కులు మూసుకుని కలిసి మునగబోతుంటే ఆపాను. ఒకర్ని నడుములోతు మెట్టు మీద నిలబెట్టి, రెండోదాని చెయ్యి పట్టుకోమన్నాను. ఒకటి, రెండు, మూడు అని పైకే లెక్కపెట్టమన్నాను. ఇరవై రెండు దగ్గర నీళ్లు చిమ్ముకుంటూ తల పైకి లేచింది. "ఎంతైంది?" అని అడిగింది. "ఇరవై రెండు." "కాదు, నలభై ఉంటుంది!" వాదించుకున్నారు. తర్వాత చెయ్యి వదలకుండానే చోట్లు మార్చుకుని, రెండోది మునిగింది, మొదటిది లెక్క మొదలుపెట్టింది.