విరాళం సరే, ఓటు మాటేమిటి?

(డాలస్‌లో తెలుగువారి సభలో చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం.

మనవాళ్ళను విరాళం అడగడం ఎప్పుడూ కష్టం కాదు. అక్కడ వరదలొచ్చాయన్నా, ఊరి బడికి గదులు కావాలన్నా, కంటి ఆపరేషన్ల క్యాంపు పెడదామన్నా వాట్సాప్ గ్రూపులో సాయంత్రానికల్లా డబ్బు పోగవుతుంది. ఆ సంగతి మీకు చెప్పక్కర్లేదు. ఈ హాల్లో చాలామందికి ఇప్పుడు అమెరికా పౌరసత్వం ఉంది, ఓటూ ఉంది. ఓటు వేసేముందు మనం చూసేది పన్నులు, స్కూల్ డిస్ట్రిక్ట్, గ్రీన్ కార్డు క్యూ. విదేశాల్లో ఆకలికీ రోగానికీ ఈ ప్రభుత్వం పెట్టే ఖర్చు గురించి ఏ అభ్యర్థినైనా అడిగినవాళ్ళు చేతులెత్తమంటే ఎన్ని చేతులు లేస్తాయో నాకు అనుమానమే. అందుకని ఎత్తమనను.

ముందు లెక్క చూద్దాం. ఫెడరల్ బడ్జెట్‌లో విదేశీ సహాయం ఎంత ఉంటుందని సర్వేల్లో అడిగితే, అమెరికన్లు సగటున పాతిక శాతం దరిదాపుల్లో చెబుతూ వచ్చారు. అసలు సంఖ్య ఒక శాతానికి కాస్త అటూ ఇటూ. 2023లో అది సుమారు 7,200 కోట్ల డాలర్లు. అందులోనూ ఉక్రెయిన్‌కి వెళ్ళింది పెద్ద వాటా. సంపన్న దేశాలు జాతీయాదాయంలో 0.7 శాతం ఇవ్వాలని ఐక్యరాజ్యసమితి 1970లో తీర్మానించింది. అమెరికా 2023లో ఇచ్చింది 0.24 శాతం. నార్వే ఎప్పుడో 0.7 దాటేసింది. కాబట్టి "మన ట్యాక్సులన్నీ బయటికి పోతున్నాయి" అని ఎవరైనా పార్టీలో మొదలుపెడితే, ప్లేటు పక్కన పెట్టి ఈ అంకెలు చెప్పండి.

ఇక ఈ ఖర్చు వల్ల ఇచ్చినవాళ్ళకేం ఒరిగింది? మశూచి సంగతి చెబుతాను. మన ఊళ్ళల్లో అమ్మవారు పోసిందనేవారు. అమెరికాలో అది చివరిసారి కనిపించింది 1949లో, మన టెక్సస్‌లోనే, మెక్సికో సరిహద్దు దగ్గర రియో గ్రాండే లోయలో. ఆ తర్వాత ఈ దేశంలో ఒక్క కేసూ లేదు. అయినా ఇంకో ఇరవై ఏళ్ళకు పైగా ఇక్కడి పిల్లలకు టీకాలు వేస్తూనే ఉన్నారు. రోగం ఇక్కడ లేకపోయినా బీహార్‌లో, బంగ్లాదేశ్‌లో, ఇథియోపియాలో ఉంది కదా, విమానమెక్కి వస్తే? పైగా ఆ టీకా వికటించి ఏటా కొద్దిమంది అమెరికన్లు చనిపోయేవారు కూడా. అక్కడ రోగం తగ్గుతూ వచ్చి చివరికి తుడిచిపెట్టుకుపోవడంతో ఆ టీకా ఖర్చు పోయింది, ఓడరేవుల్లో తనిఖీలు పోయాయి, టీకా చావులూ పోయాయి. భారత్‌లో చివరి కేసు 1975లో, ప్రపంచంలో సహజంగా సోకిన చివరి కేసు 1977లో సోమాలియాలో. ఆ పదేళ్ళ పోరాటం మొత్తానికి అమెరికా పెట్టింది సుమారు 3.2 కోట్ల డాలర్లు. డాలస్‌లో ఇవాళ ఆ డబ్బుకి ఓ మాదిరి ఆఫీసు బిల్డింగు వస్తుందేమో. అది కోల్డ్ వార్ కాలమని కూడా గుర్తుపెట్టుకోండి. టీకా మందు భారీగా ఇచ్చింది సోవియట్ యూనియన్, ఆ కార్యక్రమాన్ని నడిపింది డి.ఏ. హెండర్సన్ అనే అమెరికన్.

ఇంకోటి, మన ఊరి కథ. 2014 సెప్టెంబర్‌లో లైబీరియా నుంచి డాలస్ వచ్చిన ఒకాయనకు ఎబోలా అని తేలింది. ఆయన చనిపోయారు, ఆయనకు సేవ చేసిన ఇద్దరు నర్సులకు సోకింది, వాళ్ళు కోలుకున్నారు. అప్పుడు ఇక్కడున్నవాళ్ళకు ఆ టెన్షన్ గుర్తుండే ఉంటుంది, పిల్లల్ని బడికి పంపడానికే భయపడ్డాం. దానికి రెండు నెలల ముందు ఇలాగే ఒకాయన లైబీరియా నుంచి లాగోస్‌లో దిగారు. కోటిన్నరకు పైగా జనం కిక్కిరిసిన నగరం. అక్కడ అంటుకుంటే ప్రపంచమంతా పాకేదే. డాక్టర్ అమేయో అడదేవో అనే ఆవిడ ఎన్ని ఒత్తిళ్ళు వచ్చినా ఆ రోగిని డిశ్చార్జ్ చెయ్యలేదు. చివరికి ఆవిడకే సోకి ప్రాణం పోయింది. ఆ తర్వాత నైజీరియా చేసిన పని చూడండి. పోలియో కోసం ఎప్పటినుంచో కట్టుకున్న వ్యవస్థను రాత్రికి రాత్రే ఎబోలా మీదికి మళ్ళించింది. ఇంటింటికీ తిరగడం తెలిసిన మనుషులు, అమెరికా ప్రజారోగ్య సంస్థ సీడీసీ దగ్గర తర్ఫీదు పొందిన ఎపిడెమియాలజిస్టులు (రోగం ఎలా పాకుతోందో పసిగట్టే నిపుణులు) అప్పటికే సిద్ధంగా ఉన్నారు. రోగుల్ని కలిసినవాళ్ళు దాదాపు 900 మంది. వాళ్ళందరినీ రోజూ చూసి వచ్చారు. కేసులు 20 దగ్గర ఆగాయి, మరణాలు 8 దగ్గర. లాగోస్‌లో అది ఆగడం వల్ల మన డాలస్ పక్కనున్న ప్లేనోలో ఎంతమంది బతికారో లెక్కగట్టే మార్గం లేదు. రాని జబ్బుకి ఎవరూ ఓట్లు వెయ్యరు, ఈ ఖర్చుకున్న పెద్ద చిక్కే అది.

ఇవన్నీ స్వార్థం లెక్కలేనని మీరనవచ్చు. నిజమే. నాకు మాత్రం స్వార్థం లెక్క ఒక్కటే చాలదనిపిస్తుంది. 2003 జనవరిలో జార్జ్ బుష్, ఇక్కడే మన డాలస్‌లో ఉంటున్నాడాయన, కాంగ్రెస్ ముందు నిలబడి ఒక మాట చెప్పాడు. ఆఫ్రికాలో 40 లక్షల మందికి ఎయిడ్స్ మందు వెంటనే కావాలి, అందుతున్నది 50 వేల మందికి. ఐదేళ్ళకు 1,500 కోట్ల డాలర్లు అడిగాడు, రెండు పార్టీలూ కలిసి ఇచ్చాయి. అదే పెప్ఫార్. ఇప్పటిదాకా రెండున్నర కోట్ల ప్రాణాలు నిలిపిందని అమెరికా ప్రభుత్వ అంచనా. ఇరాక్ విషయంలో నేను ఆయన్ని ఎన్నిసార్లు తిట్టుకున్నానో, దీనికి అన్నిసార్లు దండం పెట్టుకున్నాను.

విరాళానికీ ఓటుకీ తేడా ఇక్కడే ఉంది. ఎయిడ్స్ మాత్ర బతికినన్నాళ్ళూ రోజూ వేసుకోవాలి. మన సంఘం ఒక ఏడాది ఉత్సాహంగా మందులు కొనిస్తుంది, మరుసటేడు కమిటీ మారుతుంది, గొడవలొస్తాయి (మన సంఘాల సంగతి మీకు తెలియనిదా). రెండు కోట్ల మందికి ఇరవై ఏళ్ళపాటు ఒక్క రోజు కూడా తప్పకుండా మాత్ర చేర్చే పని ప్రభుత్వాల వల్లే అవుతుంది. ఆ ప్రభుత్వం మన ఓటుతో నడుస్తుంది.

2025లో ఏం జరిగిందో చూశాం. విదేశీ సాయం అందించడానికి 1961లో కెనెడీ పెట్టిన ప్రభుత్వ సంస్థ యూఎస్ఎయిడ్ కార్యక్రమాల్లో 83 శాతం రద్దు చేశామని మార్చిలో ప్రకటించారు, జులై 1 నాటికి ఆ సంస్థే లేదు. అది తొందరపాటు అన్నది కూడా చిన్న మాట. తప్పుల్ని వెతికి సరిచెయ్యడం వేరు, నడుస్తున్న వైద్యాన్ని మధ్యలో ఆపడం వేరు. "ఇక్కడి పేదల్ని ముందు చూసుకోవాలి కదా" అన్నారు చాలామంది. అడగాల్సిన ప్రశ్నే. అయితే అదే జులైలో సంతకమైన ఇంకో చట్టం ఇక్కడి పేదల వైద్యానికిచ్చే మెడికెయిడ్‌కీ, తిండికిచ్చే ఫుడ్ స్టాంపులకీ కూడా కోత పెట్టింది. అక్కడ మిగిల్చింది ఇక్కడి పేదల దగ్గరికేమీ రాలేదు.

సాయం ఎప్పుడూ మంచే చేసిందని నేననను. చౌక అమెరికా బియ్యం వచ్చి పడి హైతీ వరి రైతు మునిగిపోయాడు. దానికి తానూ కారణమేనని క్లింటన్ 2010లో సెనెట్ కమిటీ ముందు ఒప్పుకున్నాడు. మన అనుభవమే తీసుకోండి. 1965-66 కరువులో అమెరికా తన గోధుమ పంటలో ఐదో వంతు దాకా భారత్‌కి పంపింది. అదే సమయంలో, వియత్నాం యుద్ధాన్ని విమర్శిస్తున్నామన్న కోపంతో అప్పటి అధ్యక్షుడు లిండన్ జాన్సన్ గోధుమల ఓడల్ని నెలకింతని బిగబట్టి పంపించాడు. అన్నం పెట్టి అవమానించడమది. ఆయనా టెక్సస్ మనిషే.

అదే రోజుల్లో ఇంకో పని కూడా జరిగింది, దాన్ని ఎవరూ తలుచుకోరు. కాన్సస్ స్టేట్ యూనివర్సిటీ ప్రొఫెసర్లు యూఎస్ఎయిడ్ డబ్బుతో హైదరాబాద్ వచ్చి ఏళ్ళ తరబడి ఉన్నారు. 1964లో ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం నిలదొక్కుకోవడంలో వాళ్ళ చెయ్యి ఉంది. ఆ విశ్వవిద్యాలయం ఉన్న రాజేంద్రనగర్‌లో చదివి, ఆ తర్వాత ఇక్కడ పీహెచ్‌డీకి వచ్చినవాళ్ళు ఈ హాల్లోనే ఒకరిద్దరు కనిపిస్తున్నారు. ఆ ప్రొఫెసర్ల జీతాలు కట్టింది మనల్ని ఎన్నడూ చూడని అమెరికన్ పన్ను చెల్లింపుదారులు.

ఓటుకి బలం లేదనుకునేవాళ్ళకి ఒక్క విషయం. 2025 జులైలో విదేశీ సహాయం నుంచి దాదాపు 800 కోట్ల డాలర్లు వెనక్కి తీసుకునే బిల్లు సెనెట్‌కి వచ్చింది. అందులో పెప్ఫార్ మీద 40 కోట్ల కోత ఉంది. కొందరు రిపబ్లికన్ సెనెటర్లు అభ్యంతరం చెప్పారు, ఆ ఒక్క కోతా తీసేశారు. మిగతా బిల్లు 51–48తో పాసైంది. అంటే ఎవరు గట్టిగా అడిగితే వాళ్ళ మాట వింటారు. మన కాంగ్రెస్ మెంబర్ ఆఫీసుకి ఫోన్ చేస్తే ఒక కుర్రాడో అమ్మాయో ఎత్తి, పేరు, జిప్ కోడ్, విషయం రాసుకుంటారు. వాదించనక్కర్లేదు, రెండు నిమిషాల పని. గ్రీన్ కార్డుల గురించి చేసేటప్పుడే ఇదీ చెప్పండి. నంబరు తెలియనివాళ్ళు బయట బల్ల దగ్గర మా వాలంటీర్లకు మీ జిప్ కోడ్ చెబితే వెతికి ఇస్తారు. ఇక ప్రశ్నలు అడగండి. హైతీ గురించి అడిగినా సరే.