పాదుకి ఒక్క కాయ వదిలేయండి

అందరికీ నమస్కారం. ఆదివారం పొద్దున్నే, ఎండ ఎక్కకముందు మేడ మీద చేసుకోవాల్సిన పని మానుకుని ఇక్కడికొచ్చారు, ముందు దానికి థాంక్స్.

మొన్న రథసప్తమికి చిక్కుడుకాయలతో రథం చేసినవాళ్ళు ఎంతమంది ఉన్నారు? చాలామందే ఉన్నారు. ఆ కాయలు మీ పాదువేనా, రైతుబజారు నుంచి తెచ్చినవా? మా పాదువే అని చెయ్యెత్తినవాళ్ళతోనే ఇవాళ నాకు పని. ఆ పాదుకి ఇంకా కాయలుంటే దయచేసి కోయడం ఆపండి. అన్నీ కాదు, ఒక్క పది కాయలు. అవి తీగ మీదే ముదిరి, తొక్క ఎండి రంగు మారి, చెవి దగ్గర పెట్టి ఊపితే లోపల గింజ గలగలమనేదాకా వదిలేయండి. నేను చెప్పడానికొచ్చింది ఇంతే, మిగతాదంతా దీని చుట్టూ తిరిగేదే.

మన లైబ్రరీలో ఆ మూల పాత కార్డు కేటలాగు బీరువా ఉంది కదా, దాని సొరుగుల్లో విత్తనాల పొట్లాలు పెట్టి ఇది మూడో ఏడు. ఈ పద్ధతి మనం కనిపెట్టింది కాదు. అమెరికాలో కాలిఫోర్నియాలోని రిచ్‌మండ్ పబ్లిక్ లైబ్రరీలో 2010లో ఇలాంటిది మొదలైంది, తర్వాత చాలాచోట్లకు పాకింది. అయితే గ్రంథాలయం అంటే జనం కూడి నడుపుకునేది అన్న ఆలోచన మాత్రం మనకు ఎవరో నేర్పాల్సింది కాదు. 1914లోనే బెజవాడలో గ్రంథాలయాల మహాసభ పెట్టుకున్నవాళ్ళం, అయ్యంకి వెంకట రమణయ్యగారి లాంటి వాళ్ళు ఊరూరా తిరిగి నిలబెట్టిన సంగతి అది. అందుకే విత్తనాలు పెట్టడానికి ఇంతకంటే సరైన చోటు నాకు కనిపించలేదు.

కానీ ఒక తేడా ఉంది. పుస్తకం తీసుకెళ్తే అదే పుస్తకం తిరిగివ్వాలి. విత్తనం అలా కాదు, తీసుకెళ్ళిన గింజ మట్టిలో కలిసిపోతుంది, తిరిగి రావాల్సింది దాని పిల్లలు. మొదటి రెండేళ్ళూ పొట్లాలు వారం తిరక్కుండా అయిపోయేవి, తిరిగి తెచ్చినవాళ్ళను మాత్రం వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. వాళ్ళనేం అనను, తప్పు మాదే. వర్క్‌షాపుల్లో ఎర్రమట్టిలో కొబ్బరిపొట్టూ పేడ ఎరువూ ఎంత కలపాలో చెప్పాం, వంటింటి తుక్కుతో కంపోస్టు చెప్పాం, పేనుబంకకి వేపనూనె చెప్పాం. కాయని విత్తనానికి ఎలా వదలాలో ఒక్కసారి కూడా చెప్పలేదు. లేత బెండకాయ కోసుకుంటే కూర, దాన్నే ఎండి పగిలేదాకా వదిలితే విత్తనం. మంచి కాయ కళ్ళెదుట ఉండగా కోయకుండా ఉండటానికి మనసు ఒప్పదు, నాకు తెలుసు. పైగా విత్తనానికి వదలాల్సింది చివర్లో మిగిలిన గిడసబారిన కాయ కాదండీ, మొదటి కాపులో, తెగులు లేని మొక్కకి కాసిన అందమైన కాయ. దాన్నే వదలాలి.

నా వల్ల జరిగిన ఒక నష్టం చెప్తాను. రెండేళ్ళ కిందట మా పెరట్లో దోసపాదు విరగకాసింది. బాగా పండిన కాయ నుంచి గింజలు తీసి ఇక్కడ ఇచ్చాను. మరుసటి ఏడు మురళీనగర్‌లో ఉండే ఒక అక్క ఫోన్ చేసి, "మీ దోసకాయ పప్పు మొత్తం పారబోశానమ్మా, విషం చేదు" అంది. ఆవిడ పాదుకి కాసినవన్నీ చేదే. నీళ్ళు చాలకపోయినా దోస చేదెక్కుతుంది కానీ, ఒక్క కాయ కూడా తప్పకుండా చేదంటే అది విత్తనం సంగతే. తర్వాత చూస్తే మా గోడ అవతల ఖాళీ స్థలంలో నక్కదోస పాకి ఉంది. కూరదోస, నక్కదోస, బుడమకాయ, ఆఖరికి ఖర్బూజా కూడా ఒకే జాతి. తేనెటీగ ఆ పువ్వు మీంచి ఈ పువ్వు మీద వాలితే చాలు. మన కాయకి ఏమీ తెలియదు, రుచి మామూలుగానే ఉంటుంది, దాని లోపలి గింజకి మాత్రం ఆ చేదు చేరిపోతుంది. మనవాళ్ళు దోసకాయ తరగగానే ఒక ముక్క నోట్లో వేసుకుని చూసేది ఊరికే కాదు. ఆనపకాయ విషయంలో ఇంకా జాగ్రత్త, చేదుగా ఉంటే ఆరోగ్యానికి మంచిదనుకుని రసం తాగకండి, అది నిజంగానే ప్రమాదం. పారేయండి, దాని గింజలు సొరుగుకి తేకండి.

దీనికి మార్గం కష్టమేమీ కాదు. రేపు విచ్చుకునే మొగ్గ ఈ రోజే తెలిసిపోతుంది, కొనలో పసుపు కనిపిస్తుంది. పిందె ఉన్న మొగ్గనొకదాన్ని, పిందె లేని మగ మొగ్గనొకదాన్ని సాయంత్రమే దారంతో వదులుగా కట్టేయండి. పొద్దున్నే మగపువ్వు తుంచి, రేకులు తీసేసి, ఆ పుప్పొడిని పిందెపువ్వు నడిమధ్యలో మెత్తగా రుద్ది మళ్ళీ కట్టేయండి. కాడకి ఒక రంగు దారం చుట్టండి, ఇంట్లోవాళ్ళు పొరపాటున కోసేయకుండా. బీరకీ ఆనపకీ ఇదే పని, కాకపోతే అవి విచ్చుకునేది సాయంత్రం. బీరపూలు విచ్చాయంటే దీపాలు పెట్టే వేళైందని మా అమ్మమ్మ అనేది.

చిక్కుడు, బొబ్బర్లు, టమాటా లాంటివాటికి ఇంత శ్రమ అక్కర్లేదు, అవి చాలావరకు తమ పువ్వులో తామే ఫలదీకరణం చెందుతాయి. కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు వాటితోనే మొదలుపెట్టండి. టమాటా అయితే బాగా మగ్గిన పండు గుజ్జుని గింజలతో సహా గ్లాసులో వేసి రెండు మూడు రోజులు పులియనివ్వాలి. గింజ చుట్టూ ఉన్న జిగురు మొలకని ఆపుతుంది, పులిస్తే అది వదులుతుంది. తర్వాత కడిగి పళ్ళెంలో ఆరబెట్టండి, కాగితం మీద వేస్తే అంటుకుపోతాయి.

ప్యాకెట్ విత్తనం గురించి ఒక మాట. పేరు చూసి మోసపోకండి. అర్క వికాస్ టమాటా రకం, దాని గింజ దాచుకుంటే అదే వస్తుంది. అర్క రక్షక్ హైబ్రిడ్, అంటే వేరువేరు మొక్కల్ని కలిపి పుట్టించింది, దాని గింజ వేస్తే ఏది వస్తుందో చెప్పలేం. ప్యాకెట్ మీద ఎఫ్1 అని ఉందేమో చూడండి, ఉంటే అది హైబ్రిడ్ అన్నమాట. గులాబీరంగు మందు పట్టించిన గింజలు మాత్రం ఇక్కడికి తేవద్దు, పిల్లలు తిరిగే చోటిది.

మన విశాఖలో అసలు శత్రువు సముద్రపు గాలి. ఎంత ఎండబెట్టినా చెమ్మ మళ్ళీ పట్టేస్తుంది. గుప్పెడు బియ్యం మూకుట్లో వేయించి, చల్లారాక గుడ్డలో మూటకట్టి గాజు సీసా అడుగున వేయండి, దాని మీద విత్తనాల పొట్లాలు, ఆపైన బిగుతైన మూత. పప్పుజాతి గింజలకి బూడిద కలిపితే పుచ్చు పట్టదు.

ఇక ఇదంతా ఎందుకంటారా? 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చింది కదా. మా మేడ మీద ఒక్క కుండీ మిగల్లేదు, విత్తనాల డబ్బా ఉన్న రేకుల గది కూడా ఎగిరిపోయింది. పదేళ్ళుగా దాచుకున్న వెడల్పు చిక్కుడు, నల్ల అంచు ఉండేది, ఇక అయిపోయిందనే అనుకున్నాను. సంక్రాంతికి చోడవరం దగ్గర మా అత్తగారి ఊరు వెళ్తే, ఆవిడ వంటింటి గోడకి కొట్టిన పిడక ఒకటి ఊడదీసి నా చేతిలో పెట్టి విరగ్గొట్టమంది. లోపల బూడిదలో ఏడు గింజలు. అంతకుముందు ఎప్పుడో నేనే ఇచ్చినవట, నాకు గుర్తు కూడా లేదు. అవి పట్టుకుని ఏడ్చేశాను. నా ఒక్కదాని దగ్గరే ఉండి ఉంటే ఆ రకం పోయేది. ఆవిడకి ఇచ్చాను కాబట్టి తిరిగొచ్చింది. ఆ సొరుగులో నల్ల అంచు చిక్కుడు అని రాసి ఉన్న పొట్లాలు ఆ ఏడు గింజల సంతానమే.

ఇలా పంచుకోవడం చట్టప్రకారం తప్పేమో అని కిందటిసారి ఒక మేష్టారు అడిగారు. 2001 నాటి మొక్కల రకాల పరిరక్షణ, రైతుల హక్కుల చట్టం రైతుకి విత్తనం దాచుకునే, మార్చుకునే, పంచుకునే హక్కు ఇచ్చింది. రక్షణ పొందిన రకాన్ని బ్రాండు పేరుతో అమ్మకూడదు, అంతే. మనం అమ్మడమే లేదు.

పొట్లం మీద మూడు సంగతులు రాయండి చాలు. ఏ రకం, ఏ ఏడు, ఏ పేటలో కాసింది. ఉల్లి గింజ ఏడాది దాటితే మొలకెత్తడం అనుమానం, టమాటా నాలుగేళ్ళైనా ఉంటుంది, అందుకే ఏడు తప్పకుండా కావాలి. విత్తనం తేలేకపోయినవాళ్ళు కూడా రండి, ఎక్కడ పోయిందో చెప్పండి, కోతులు పీకేశాయా, కాయే పట్టలేదా, అదీ మాకు కావాల్సిందే.

ఇదిగో, ఈ ఎండిన బీరకాయ మా పాదుదే, ఉగాది లోపల పంచేద్దామని తెచ్చాను. కొసన చిన్న మూతలాంటిది ఉంది చూశారా, గోటితో అంటే ఊడొస్తుంది, తలకిందులు చేస్తే నల్లటి గింజలు వాటంతటవే రాలతాయి. చివరి వరస నుంచి మొదలుపెట్టండి బాబూ. ఊపి, విని, నాలుగేసి గింజలు తీసుకుని ముందుకి పంపండి.