విత్తిన పిల్లలే కోసుకోవాలి

(తిరుపతిలో ఒక కాలనీ బడిలో పిల్లల కూరగాయల తోట పని మొదలుపెట్టే ముందు తల్లిదండ్రులు, ఉపాధ్యాయులు, పిల్లల ముందు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ముందు వరసలో కూర్చున్న పిల్లలూ, విత్తనాలు నా సంచిలోనే ఉన్నాయి. చివర్లో పంచుతాను, అప్పటిదాకా లేచిపోకండి.

రథసప్తమి అయిపోయింది. శివరాత్రికి చలి శివశివా అంటూ వెళ్లిపోతుందని పెద్దవాళ్లు అంటారు కదా. తిరుపతిలో చలి ఒక్కటే కాదు, దాంతోపాటు సగం కూరగాయలు కూడా సెలవు తీసుకుంటాయి. చలి దేశాల్లో వసంతమంటే తోటపనికి మొదలు. మనకు ఉగాది పచ్చడి తినేసరికే ఎండ మాడు పగలగొడుతుంది. క్యాబేజీ, క్యారెట్, చిక్కుడు జాతి అనపకాయ ఇప్పుడు వెయ్యడం దండగ. అనపగింజల పితికిపప్పు మీద మనసున్నవాళ్లు వచ్చే చలికాలం దాకా ఆగాల్సిందే. ఇప్పుడు మన నేల మీద నిలబడేవి బెండ, మటిక్కాయ (గోరుచిక్కుడు), దోస, కాకర, బీర, సొర, గుమ్మడి, తోటకూర, గోంగూర. కొదవేమీ లేదు.

పెద్దల తోటకైతే ఇంతటితో సరిపోతుంది. పిల్లల తోటకు ఇంకో లెక్క ఉంది, నేను వచ్చింది అది చెప్పడానికే. ఇక్కడ పంటను బడి క్యాలెండరు చూసి వెయ్యాలి. మామూలుగా ఏప్రిల్ నాలుగో వారంలో బడులు మూస్తారు, మళ్లీ జూన్ 12న తెరుస్తారు. విత్తు వేసిన పిల్ల కాయ కొయ్యకుండానే అమ్మమ్మ ఊరికి వెళ్లిపోతే, ఆ తోట మనదే గాని పిల్లలది కాదు.

అందుకని బడి ఆఖరి రోజు నుంచి వెనక్కి లెక్కపెట్టండి. తోటకూర నెల లోపే కోతకొస్తుంది. బెండ 45, 50 రోజులకు మొదటి కాయ ఇస్తుంది. ఫిబ్రవరి రెండో వారంలో విత్తితే మార్చి నెలాఖరుకు కాయలు మొదలై, సెలవుల దాకా కోసుకోవచ్చు. మటిక్కాయకు కొంచెం ఎక్కువ పడుతుంది, కాబట్టి దాన్నీ అప్పుడే వెయ్యాలి. టమోటా ఎందుకు లేదని అడుగుతారని తెలుసు, ఉమ్మడి చిత్తూరోళ్లం కదా! నారు పెంచి, నాటి, కాయ పండేసరికి మూడు నెలలవుతుంది. పైగా ఎండ ముదిరితే పూత రాలిపోతుంది. మదనపల్లెలో వేసవిలో కూడా టమోటా పండుతుంది అంటే అది పైన పీఠభూమి మీద ఉన్న ఊరు, మన దిగువ ఎండ దానికి లేదు. టమోటాను ఈ తడవకు వదిలేద్దాం.

నేల సంగతి త్వరగా చెప్పేస్తాను. మనది గరుకు ఎర్రనేల. ఎండితే పార దిగదు. ముందురోజు సాయంత్రం నీళ్లు పెట్టి పొద్దున్నే తవ్వాలి. గడ్డపార పని పెద్దలది, పెళ్లలు చిదపడం, రాళ్లు ఏరడం, చివికిన పేడ ఎరువు కలపడం పిల్లలది. పచ్చి పేడ వేస్తే చెదలను మనమే పిలిచినట్టు. ఎండాకాలం ఎత్తుమళ్లు వద్దు, గట్టు కట్టిన పల్లపు మళ్లు చాలు, నీళ్లు నిలుస్తాయి. మడి వెడల్పు మూడడుగులు దాటకూడదు. లోపల కాలు పెట్టకుండా రెండు వైపుల నుంచీ పిల్లల చేతులు అందాలి.

ఇక విత్తనం. ఇదిగో, ఈ ప్యాకెట్‌లో బెండ గింజలు గులాబీ రంగులో ఉన్నాయి చూడండి. అది గింజ రంగు కాదు, తెగులు రాకుండా పట్టించిన మందు రంగు. ఇలాంటివి పిల్లల చేతికి ఇవ్వొద్దు. మందు పట్టించనివి అడిగి తెచ్చుకోండి, లేదా నిరుడు ముదిరి ఎండిన కాయల గింజలు వాడుకోండి. అవి బూడిద రంగు కలిసిన ముదురు ఆకుపచ్చగా, మిరియమంత ఉంటాయి. రాత్రి నీళ్లలో నానబెట్టి పొద్దున విత్తితే మొలక తొందరగా వస్తుంది. వరసకూ వరసకూ మధ్య మూరెడు, మొక్కకూ మొక్కకూ మధ్య జానెడు. పిల్లల జాన చిన్నది, స్కేలు తెచ్చుకోమనండి. గుంటకు రెండు గింజలు చాలు. ఒక గుంటను మాత్రం తవ్వి చూసుకోవడానికని విడిగా పెట్టండి. లేకపోతే మొలిచిందో లేదోనని రోజూ అన్ని గుంటలూ తవ్వేస్తారు. ఆ ఆత్రాన్ని తిట్టి ఆపలేం, ఆపకూడదు కూడా.

తీగ జాతిలో ఒక చిక్కుంది. బీర, సొర పూలు సాయంత్రం విచ్చుకుంటాయి. మార్చి మధ్యలో ఒంటిపూట బడులు మొదలయ్యాక ఆ వేళకు తోటలో ఒక్క పిల్లా ఉండదు. దోస, కాకర, గుమ్మడి పూలు పొద్దున్నే విచ్చుకుంటాయి. అందుకని బడి కంచె మీదికి గుమ్మడి పాకించండి, బీర, సొర కాలనీలో ఇళ్ల దగ్గర పెట్టుకోండి. మొదట్లో వచ్చేవన్నీ మగపూలే. పూత రాలిపోతోందని టెన్షన్ పడి మందులు కొట్టొద్దు. తర్వాత వచ్చే పూల కింద గోలీ అంత బుడ్డకాయ కనిపిస్తుంది, అది ఆడపువ్వు. మగపువ్వును కోసి, రేకులు తుంచేసి, మధ్యలోని పుప్పొడి కాడను ఆడపువ్వు నడుమ మెల్లగా అద్దించండి. తొమ్మిది లోపు చెయ్యాలి, ఎండెక్కితే పువ్వు ముడుచుకుంటుంది. వారానికి బుడ్డ ఉబ్బితే కాయ నిలిచినట్టు, పసుపుపచ్చబడి రాలితే పుప్పొడి అందనట్టు. సైన్సు పాఠంలో పరాగ సంపర్కం బొమ్మ ఎన్నిసార్లు గీయించినా ఈ ఒక్క పొద్దుకు సాటిరాదని నా అభిప్రాయం.

బెండ ఆకుల ఈనెలు పసుపుపచ్చబడితే అది తెల్లదోమ మోసుకొచ్చే వైరస్. ఆ మొక్క పీకెయ్యాలి, మందు లేదు. అర్క అనామిక లాంటి రకాలు దాన్ని కొంతవరకు తట్టుకుంటాయి. వేప కషాయం కొట్టే పని ఉంటే పిల్లలు లేనప్పుడు పెద్దలు కొట్టాలి. కొండ పక్క కాలనీల వాళ్లకు కోతుల సంగతి నేను చెప్పక్కర్లేదు. దోసకాయలు లోపలి మళ్లలో వేసుకోండి, అంతకు మించి నా దగ్గర ఉపాయం లేదు.

నీళ్లకు కూడా లెక్క ఉంది. చదరపు మీటరు నేల మీద ఒక మిల్లీమీటరు నీరంటే ఒక లీటరు. మన ఎండకు రోజుకు ఐదు మిల్లీమీటర్లు ఆరిపోతుందనుకుంటే, పది చదరపు మీటర్ల మడికి 50 లీటర్లు. అంటే ఐదు లీటర్ల చిన్న బక్కెట్లు పది. పదిమంది పిల్లలకు తలా ఒకటి. మధ్యాహ్న భోజనం ముందు చేతులు, తర్వాత పళ్లేలు కడిగే నీళ్లు తీగల పాదుల్లోకి మళ్లించొచ్చు, ఆకుకూరలకు మాత్రం వద్దు. మొక్కల మొదట్లో చెనిక్కాయ (వేరుశనగ) పొట్టో, చెరకు ఆకో కప్పితే తడి ఆరదు. అడుగున చెదలు చేరాయేమో వారానికోసారి ఎత్తి చూడాలి.

పెద్దలతో ఒక మాట. ఫొటో బాగా రావాలని పిల్లలు వంకరగా వేసిన వరసలు సరిచెయ్యకండి. కలుపు తీస్తూ తోటకూర మొలకలు పీకేస్తే పీకనివ్వండి, మళ్లీ చల్లుకోవచ్చు. బెండకాయ మాత్రం రోజు విడిచి రోజు కొయ్యాల్సిందే. ఆదివారం, పండగ కలిసొచ్చి వదిలేస్తే ముదిరి పీచెక్కుతుంది. కొస విరిస్తే టక్కున విరగాలి, వంగితే దాన్ని విత్తనానికి వదిలెయ్యండి. నూగుకు చేతులు దురద పెడతాయి, పాత సాక్సు తొడుక్కుని కొయ్యమనండి.

గుమ్మడి మాత్రం బడి లెక్కకు లొంగదు. కాయ ముదరడానికి మూడు నెలలు దాటుతుంది. అయినా ఎందుకు వెయ్యమంటున్నానంటే, పండిన గుమ్మడికాయ నీడలో నెలల తరబడి నిలవుంటుంది. బడి తెరిచాక మధ్యాహ్న భోజనం సాంబారులో వాళ్లు అద్దించిన కాయే పడుతుంది. కాకపోతే మే నెలంతా ఆ తీగకు నీళ్లు పొయ్యాలి. ఊరికి వెళ్లని నాలుగు ఇళ్లు కావాలి, వారానికి ఒక ఇల్లు చొప్పున. కాగితం అక్కడ బల్ల మీద పెట్టాను, పేర్లు ఇవాళే రాయండి. పిల్లలూ, వరసగా రండి. తలా పది బెండ గింజలు, మందు పట్టించనివే, రాత్రి పడుకునే ముందు నానబెట్టండి.