సెర్చ్ డేటాబేస్‌లోనా, బయటా?

మాధవి: కంపెనీ డాక్యుమెంట్లన్నీ పోస్ట్‌గ్రెస్, ఒరాకిల్ లాంటి ఏదో ఒక డేటాబేస్‌లో ఉన్నాయి. సెర్చ్ కూడా అక్కడే పెట్టుకోవాలా, సోలర్, ఎలాస్టిక్‌సెర్చ్ లాంటి సెర్చ్ ఇంజిన్లు విడిగా తెచ్చుకోవాలా? కిరణ్ గారూ, మీ ఓటు ఎటు?

కిరణ్: నన్నడిగితే ముందు డేటాబేస్‌కే. పోస్ట్‌గ్రెస్‌లో 2008 నాటి 8.3 వెర్షన్ నుంచే ఫుల్ టెక్స్ట్ సెర్చ్, అంటే డాక్యుమెంట్ లోపలి మాటల్ని వెతకడం, ఉంది. చాలా టీములు దాని మొహం కూడా చూడవు.

మాధవి: ఫలితాల వరుస అంత బాగుండదంటారుగా?

కిరణ్: అది నిజమే. “ప్రసూతి సెలవు పాలసీ” అని వెతికారనుకోండి. పాలసీ అన్న మాట ప్రతి ఫైల్లోనూ ఉంటుంది, ప్రసూతి ఏ రెండు మూడిట్లోనో. సోలర్, ఎలాస్టిక్‌సెర్చ్ రెండూ లూసీన్ అనే సెర్చ్ లైబ్రరీ మీదే నడుస్తాయి. బీఎం25 అనే ర్యాంకింగ్ లెక్కతో అరుదైన మాటకు ఎక్కువ మార్కులేస్తాయి. పోస్ట్‌గ్రెస్‌లో వరుస తేల్చే టీఎస్ ర్యాంక్ ఫంక్షన్ చేతిలో ఉన్న ఫైలు వరకే చూస్తుంది. మిగతా వాటిలో ఆ మాట ఎంత ఉందో దానికి పట్టదు.

మాధవి: అయినా ఓటు డేటాబేస్‌కేనా?

కిరణ్: కంపెనీ లోపలి సెర్చ్‌లో అసలు టెన్షన్ ఎవరికి ఏది కనిపించాలన్నదే కదండీ. పోస్ట్‌గ్రెస్‌లో రో లెవెల్ సెక్యూరిటీ, అంటే టేబుల్లో ఏ వరుస ఎవరికి కనిపించాలన్న నియమం, పెడితే సెర్చ్‌కీ అదే వర్తిస్తుంది. విడి ఇంజిన్‌లో ఆ పర్మిషన్లను కూడా దాని ఇండెక్స్‌లోకి, అంటే వెతకడానికి అది కట్టుకునే పట్టికలోకి, ఎక్కించాలి. జీతాల ఫైలు మీద ఒకాయనకు అనుమతి తీసేశారు, ఆ కబురు ఇండెక్స్‌కి చేరలేదు. ఫైలు తెరుచుకోదు సరే, సెర్చ్‌లో టైటిల్ కింద కనిపించే రెండు లైన్లలోనే అంకె ఉంటే?

మాధవి: అమ్మో! ఇక తెరవడం దేనికి! డేటాబేస్‌కీ ఇండెక్స్‌కీ సింక్ ఆలస్యమవుతుందనా?

కిరణ్: ఎలాస్టిక్‌సెర్చ్ మామూలుగా సెకనుకోసారి రిఫ్రెష్ అవుతుంది, అది ఆలస్యమే కాదు. డేటాబేస్‌లో మార్పు కమిట్ (ఖాయం) అయిపోయి, ఇండెక్స్‌కి రాసేటప్పుడు నెట్‌వర్క్ తెగిందంటేనే చిక్కు. అందుకే అప్లికేషన్‌తో రెండుచోట్లా రాయించకూడదు. డెబీజియం లాంటి టూల్, డేటాబేస్ తన మార్పులు రాసుకునే లాగ్ చదివి ఇండెక్స్‌కి పంపాలి. ఒరాకిల్‌కి ఈ బెడద లేదనుకోకండి, పాత వెర్షన్లలో దాని సొంత సెర్చ్ ఇండెక్స్ అయిన కాంటెక్స్ట్ ఇండెక్స్‌ని కూడా సింక్ చేయమని మనమే చెప్పాలి.

మాధవి: మరి బయటికి ఎప్పుడు వెళ్ళాలి?

కిరణ్: మెయిళ్ళు, టికెట్లు, షేర్డ్ డ్రైవ్ అన్నీ ఒకేచోట వెతకాలన్నప్పుడు. అప్పుడు లైసెన్స్ కూడా చూసుకోండి. 2021లో ఎలాస్టిక్‌సెర్చ్ అపాచీ అనే ఓపెన్‌సోర్స్ లైసెన్స్ వదిలేశాకే దాన్నుంచి విడిపోయి ఓపెన్‌సెర్చ్ పుట్టింది. 2024లో ఎలాస్టిక్‌సెర్చ్ వాళ్ళు ఏజీపీఎల్ అనే మరో ఓపెన్‌సోర్స్ లైసెన్స్ చేర్చారు. సోలర్ మాత్రం అపాచీలోనే ఉంది. ఏది తెచ్చుకున్నా, లైవ్‌కి వెళ్ళకముందే ఇండెక్స్ మొత్తం చెరిపేసి, డేటాబేస్ నుంచి మళ్ళీ కట్టి, ఎన్ని గంటలు పడుతుందో చూసుకోండి.