ఆ డివిడెండు ఎక్కడి నుంచి వచ్చింది?

అందరికీ నమస్కారం. ముందుగా ఒక చిన్న లెక్క. ఒక కంపెనీ 150 శాతం డివిడెండు (వాటాదారులకు పంచే డబ్బు) ప్రకటించిందని పేపర్లో చదివారనుకోండి. ఆశ పుడుతుందా, లేదా? ఆ శాతం ముఖ విలువ మీద, అంటే షేరుకు కంపెనీ మొదట్లో రాసుకున్న విలువ మీద, మార్కెట్ ధర మీద కాదు. ముఖ విలువ 2 రూపాయలైతే షేరుకు వచ్చేది 3 రూపాయలు. మార్కెట్లో షేరు ధర 300 ఉంటే, మీరు పెట్టిన నూటికి చేతికొచ్చేది ఒక్క రూపాయి.

ఈ రోజు నేను మాట్లాడేది చిన్న కంపెనీల గురించి. మార్కెట్ విలువలో మొదటి 250 స్థానాల తరువాత వచ్చేవన్నీ, షేర్ మార్కెట్‌ను నియంత్రించే సెబీ లెక్కలో స్మాల్ క్యాప్‌లే. వాటిలోనూ ఏ 300 కోట్లో విలువ చేసే కంపెనీలంటే నాకు మక్కువ. ఒక మ్యూచువల్ ఫండ్ సంస్థ తన పథకాలన్నీ కలిపినా ఒక కంపెనీ ఓటు హక్కుల్లో 10 శాతానికి మించి కొనకూడదు. అంటే ఇక్కడ మహా అయితే 30 కోట్లు. వేల కోట్లు నడిపే మేనేజరుకు అది ఏ మూలకు? అందుకే అటు తొంగి చూడడు. మన లక్ష రూపాయలకు ఆ ఇబ్బంది లేదు. పెద్ద రైతు కోత కోసుకుపోయిన చేలో పరిగె ఏరుకోవడం లాంటిదిది.

పరిగెలో తాలు కూడా ఉంటుంది. ఒకసారి షేరు ధర మీద 8 శాతం డివిడెండు రాబడి కనబడగానే ఒక చిన్న కంపెనీ షేర్లు కొన్నాను. వార్షిక నివేదిక తిరగేయలేదు. తీరా చూస్తే ఆ డివిడెండు, ఫ్యాక్టరీ పక్కనున్న స్థలం అమ్మగా వచ్చిన డబ్బు. స్థలం ఒకసారే అమ్ముడవుతుంది కదా! మరుసటి ఏడు పైసా లేదు. అమ్మేద్దామంటే వరుసగా మూడు రోజులు లోయర్ సర్క్యూట్, అంటే ఒక రోజులో ధర పడగలిగినంతా పడిపోవడం, కొనేవాడే లేడు.

అప్పటి నుంచి లాభనష్టాల కన్నా ముందు నగదు ప్రవాహం పుట, అంటే డబ్బు నిజంగా ఎక్కడి నుంచి వచ్చి ఎక్కడికి పోయిందో చూపే పుట, తెరుస్తున్నాను. అరువిచ్చిన సరుకు కూడా పుస్తకాల్లో అమ్మకమే, దాని మీద లాభమూ లాభమే. డివిడెండు మాత్రం ప్రకటించిన 30 రోజుల్లో డబ్బుగా చెల్లించి తీరాలి, చట్టం అది. కాబట్టి పదేళ్లలో వ్యాపారం నుంచి వచ్చిన నగదు కూడి, యంత్రాల ఖర్చు తీసేసి, మిగిలినదాన్ని పంచినదానితో పోల్చండి. పంచిందే ఎక్కువైతే అది అప్పు చేసి పప్పుకూడు. ప్రమోటర్ల, అంటే కంపెనీని నడిపే యజమానుల, షేర్లు తాకట్టులో ఉంటే నేను ఇక ముందుకు చదవను. ఇది చాదస్తమంటారు మిత్రులు. ఉండనివ్వండి.

ఇక ధర. 2020 మార్చిలో కరోనా భయంతో అందరూ అమ్ముతున్నప్పుడు చిన్న షేర్లు కొన్ని సగం ధరకే దొరికాయి. వాటిలో డివిడెండు తగ్గించని కంపెనీని పట్టుకున్నవారికి పెట్టుబడి సగం, రాబడి రెట్టింపు. రికార్డు తేదీకి (డివిడెండు ఎవరికివ్వాలో కంపెనీ లెక్క చూసుకునే రోజుకి) ముందు రోజు కొని డివిడెండు కొట్టేద్దామనుకునేవారికి మాత్రం మిగిలేదేమీ లేదు. మరునాడు ధర దాదాపు అంత మేర తగ్గుతుంది. పైగా 2020 ఏప్రిల్ నుంచి ఆ డబ్బు మన ఆదాయంలో కలుస్తోంది, శ్లాబు ప్రకారం పన్ను కట్టాల్సింది మనమే.

మీ చేతుల్లోని కాగితాలు ఒక కంపెనీ వార్షిక నివేదికలోనివి. పేరు కావాలనే చెరిపేశాను. నగదు ప్రవాహం పుట తీయండి. పెట్టుబడి కార్యకలాపాల కింద, నాలుగో వరుసలో, ఏదో అమ్మినట్టు కనిపిస్తోందా?